కాలరు లోపలి గుర్తు

పోలీసు కానివాడు పోలీసు దుస్తులు వేసుకుని జనాన్ని నమ్మించబోతే మూడు నెలలు. వేసుకుని, నేను పోలీసునని చెప్పి అధికారం చెలాయిస్తే రెండేళ్ల దాకా. ఈ రెండు సెక్షన్లూ నాకు ఇరవై రెండో ఏటినుంచి కంఠతా వచ్చు. నన్ను కాలేజీకి పంపినవాడు లేడు. బడికి పంపిందీ మూడేళ్లే. రాయపూర్ లోకోషెడ్డులో ఇంజన్లు తుడుస్తూ, వాటి నంబరు పలకల మీద అంకెలూ, స్టేషను బోర్డుల మీద ఇంగ్లీషు అక్షరాలూ కూడబలుక్కుని నేర్చుకున్నాను. గోల్ బజారులో పాతసామాన్లవాడి దగ్గర అట్ట ఊడిపోయిన శిక్షాస్మృతి దొరికితే తూకానికి కొనుక్కుని రెండేళ్లు నమిలాను. అది చూసి మా రైల్వే కాలనీ తెలుగువాళ్లు నాకు ‘పంతులు’ అని పేరు పెట్టారు. సగం వెటకారం, సగం అవసరం.

ఆ పుస్తకంలో ఉన్న న్యాయం ఏమిటో నాకు అర్థం చేయించింది మాత్రం ఏ ప్లీడరూ కాదు. అక్షరం ముక్క రాని ఒక చాకలావిడ. ఎన్నో ఏళ్లుగా ఈ మాట చెబుతున్నాను. విన్నవాళ్లు నవ్వి ఊరుకుంటున్నారు. కాలనీ పెద్దలు ఆమధ్య పాతకాలపు ముచ్చట్లని ఒక పుస్తకం వేశారు. అందులో నాటకాలాడినవాళ్లున్నారు, బంతాట ఆడినవాళ్లున్నారు, హెడ్డుగుమాస్తాలకి ఫోటోలు కూడా ఉన్నాయి. ఆవిడ లేదు. నాకు ఒళ్లు మండింది. అందుకే రాస్తున్నాను.

మా కాలనీలో ఎక్కువమందిమి శ్రీకాకుళం, విజయనగరం వైపునుంచి రైలు పట్టాల వెంటే వచ్చినవాళ్లం. మాతోపాటు మా చాకళ్లూ వచ్చారు. ఆవిడకి అప్పటికి యాభై ఉంటాయేమో. భర్త పోయాడు, పిల్లల్లేరు. స్టేషను వెనక చెరువు దగ్గర ఒక రేవుబండ, రెండు బానలు, ఒక గాడిద, ఒక ఇస్త్రీపెట్టె, అదే ఆస్తి. కాలనీలో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ ‘అప్ప’. మా బట్టలే కాక పోలీసు లైను బట్టలు కూడా ఆవిడే ఉతికేది. నిజం చెప్పాలంటే పోలీసు లైను ఉంది గనకే ఆవిడ పొయ్యి వెలిగేది. రైల్వేవాళ్లం ఇచ్చే కూలి అంతంతమాత్రం. బేరాలు మాత్రం బోలెడు.

స్వరాజ్యం వచ్చి రెండు మూడేళ్లయిన రోజులవి. బియ్యం మీద కంట్రోలు. ఒక ఊరినుంచి ఇంకో ఊరికి మూట దాటించాలంటే చీటీ ఉండాలి. ధర్సీవా వైపు పల్లెల ఆడవాళ్లు తట్టలో అడుగున బియ్యం, పైన బచ్చలికట్టలు పెట్టుకుని రాయపూర్ వచ్చేవాళ్లు. ఆ కాలిబాట మీద ఒక ఖాకీ కోటువాడు తయారయ్యాడు. ఎదురుగా వచ్చి, తట్ట దింపించి, ‘జప్తీ’ అనేవాడు. ఆ ఒక్కమాట చాలు. తట్ట అక్కడే వదిలేసి, దండాలు పెట్టుకుంటూ వెళ్లిపోయేవాళ్లు పాపం. వాడు పోలీసేనా అని అడగాలని పది రోజులపాటు ఎవరికీ తోచలేదు. తోచినా అడిగేదెవరు? చివరికి ఒకరోజు ఇద్దరు ఆడవాళ్లు వాడిని అక్కడే వదిలి ఊళ్లోకి పరుగెత్తి, ఊరి కావలివాడైన కోత్వారునీ పదిమంది మగవాళ్లనీ వెంటబెట్టుకొచ్చారు. అరుపులు విని ఆ దొంగ, కోటు విప్పి రైలుకట్ట పక్క తుప్పల్లోకి విసిరి మాయమయ్యాడు.

సరిగ్గా ఆ వేళకే మా కీమేన్ ఆ కట్ట మీదుగా వస్తున్నాడు. కీమేన్ అంటే రోజూ తన వంతు పట్టాల వెంట నడిచి, వదులైన బిళ్లల్ని సుత్తితో కొట్టి బిగించేవాడు. మా పక్క క్వార్టరే. రూలంటే ప్రాణం పెట్టే మనిషి. లైను మీద ఏ వస్తువు దొరికినా స్టేషను మాస్టరుకి అప్పగించి పుస్తకంలో రాయించాలని రూలు. ఒకసారి ఎవరిదో ఒంటి చెప్పు తెచ్చి అప్పగించి, స్టేషనంతా నవ్వుతుంటే, రాసేదాకా కదలకుండా నిలబడ్డాడు. ఆరోజు తుప్పల్లో కోటు కనబడింది. భుజాన సుత్తి, ఒక చేతిలో పానా, ఇంకో చేతిలో జెండాలు. కోటు పట్టుకోవడానికి చెయ్యేదీ? మా రైల్వేవాళ్లలో ఎవడైనా చేసే పనే చేశాడు. తన రైల్వే కోటు మీదే తొడుక్కున్నాడు. గుడ్డ ఒంటిమీద ఉంటే జారిపోదు, చేతికి అడ్డం రాదు. షెడ్డులో మేమంతా రెండేసి చొక్కాలు ఒకదానిమీద ఒకటి వేసుకుని పనిచేసినవాళ్లమే. అలా తొడుక్కుని స్టేషనుకేసి నాలుగు ఫర్లాంగులు నడిచాడో లేదో, కోత్వారూ జనమూ ఎదురొచ్చారు.

తరవాత సంగతి చెప్పాలా? ఠాణాలో వేశారు. రెండు సెక్షన్లూ పెట్టారు.

అతనికి ముసలితల్లి, భార్య, ముగ్గురు పిల్లలు. మా భయం జైలు ఒక్కటే కాదు. నేరం రుజువై రూపాయి జరిమానా పడినా రైల్వే ఉద్యోగం ఊడుతుంది. ఉద్యోగం ఊడితే క్వార్టరు ఖాళీ చేయాలి. వాళ్లకి ఊళ్లో సెంటు భూమి లేదు. ఇదంతా ప్లీడరుకి చెప్పడానికి నేను వెళ్లాను. ఆయన తమలపాకుకి సున్నం రాసుకుంటూ విన్నాడు.

“అరే భాయ్, కోటు తొడుక్కున్నంతవరకూ కబూల్ చేసెయ్ అను. చిన్న సెక్షను. మేజిస్ట్రేట్ సాబ్ కాళ్లు పట్టుకుంటే జుర్మానాతో ఛుట్టీ.”

“నౌకరీ పోతుంది వకీల్ సాబ్.”

“నౌకరీ ఇప్పించేది నేనా?”

“తొడుక్కోవడమే నేరం కాదండీ. జనాన్ని నమ్మించాలని తొడుక్కోవాలి, లేదా నమ్మేస్తారని తెలిసుండాలి. సెక్షన్లో అలాగే ఉంది.”

ఆయన నా నూనె మరకల లాగూ కేసి చూసి, “ఏ కాలేజీ బాబూ?” అన్నాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది. కానీ ఆయన తరవాత అన్నమాట అబద్ధం కాదు: “పోలీసు కోటు తొడుక్కుని పట్టపగలు నడిస్తే జనం పోలీసనుకుంటారని ఎవడికి తెలియదు? అసలు దొంగ ఇంకొకడని చూపించు. చూపించగలవా?”

మర్నాడు కీమేన్ భార్య అన్నం కేరియరు పట్టుకుని ఠాణాకి వెళ్తుంటే తోడు వెళ్లాను. ఠాణాలో రాతకోతలు చూసే మున్షీ బల్ల మీద ఆ కోటు పడి ఉంది, కాలరు తిరగబడి. ఏ గీత కనబడినా చదవబోవడం నాకు రోగం. కాలరు లోపల నల్లజీడి రసంతో పెట్టిన చాకలి గుర్తు. దాన్ని కళ్లతో కాపీ చేసుకున్నాను. ఎందుకని అడిగితే చెప్పలేను.

ఆ సాయంత్రం అప్ప మా వరసకి మాసినబట్టలకి వచ్చింది.

“ఏటి పంతులూ, మొకం అలగెట్టినావు? పుస్తకానికి సెదలట్టినాయేటి?”

“పుస్తకం బాగానే ఉందప్పా. అందులో ఉన్నదే బాగాలేదు.” జరిగింది చెప్పాను. మూటకట్టడం ఆపలేదు, వింటూనే ఉంది. అంతా విని, “ఆ కోటు కాలర్ల గుర్తేటుందో సూసినావా?” అంది.

బొగ్గుముక్కతో గచ్చు మీద గీశాను. కొడవలిలా ఒక వంపు, పక్కన నిలువు గీత, కింద వరసగా మూడు చుక్కలు, ఆ మూడింటికీ కింద ఒంటరిగా ఇంకో చుక్క.

అప్ప మూట మీద కూలబడింది. “సెరిపీ.”

“ఏమైందప్పా?”

“ముందల సెరిపీ. అది నా గుర్తు.”

మా కాలనీ పెళ్లిళ్లలో అప్పుడొక సరదా ఉండేది. ఊరేగింపులో బేండుమేళం ముందు పోలీసు కోటు తొడుక్కున్న మనిషి ఒకడు దర్జాగా నడవాలి. మగపెళ్లివారికి అదొక గొప్ప. నిజం పోలీసు ఎందుకొస్తాడు? చాకలి దగ్గర కోటు ఒకరాత్రికి తెచ్చుకునేవాళ్లు. మేజోళ్లు, జరీ కండువాలు, శాలువలు ఇచ్చినట్టే అదీ ఇచ్చేది అప్ప. అందరికీ తెలిసిన సంగతే. పోలీసు లైనువాళ్లకే తెలియదు.

“పెళ్లికనే పట్టుకెల్లినాడ్రా. మనోడు కాడు, బేండోల్లతో తిరిగీవోడు. రెండ్రోజులన్నాడు, పదిరోజులైపోనాది. ఆ సిపాయి బావు అడిగితే నానబెట్టినానన్నాను. మర్నాడు గెంజెట్టినానన్నాను. ఆ మర్నాడు మబ్బేసీసింది, ఆరనేదన్నాను. ఇంకేటి సెప్పను? గుడ్డ ఎన్నాళ్లని నాన్తాది?”

నాకు నవ్వొచ్చింది, ఆవిడకి రాలేదు.

“నీ పుస్తకంల నా సంగతి సూడు. కోటు ఇచ్చినదానికేటి?”

చూశాను. నేరానికి తోడ్పడినవాళ్లకీ శిక్ష ఉంది. అయితే తెలిసి తోడ్పడాలి. “వాడు ఇలా చేస్తాడని నీకు తెలుసా?”

“తెలిస్తే ఇస్తానేటి?”

“అయితే పుస్తకం ప్రకారం నిన్నేమీ చెయ్యలేరు.”

“పుస్తకం పెకారం సరే. పోలీసోల్ల పెకారం?”

దానికి నా దగ్గర సెక్షను లేదు. ఆవిడే మళ్లీ అడిగింది, “నాను నోరిప్పకపోతే ఆడికేటవుద్ది?”

“ఉద్యోగం పోతుంది. అందరూ రోడ్డున పడతారు.”

“ఇప్పితే?”

“నీకు పోలీసు లైను పోతుందప్పా. ఆపైన ఏం చేస్తారో నాకు తెలియదు.”

మూట నెత్తినెత్తుకుని వెళ్లిపోయింది. ఆవిణ్ణి నేను బలవంతపెట్టలేదు. పెట్టడానికి నాకేం హక్కుంది? రెండు రోజులు కనబడలేదు. మూడోనాడు షెడ్డు గేటు దగ్గరికే వచ్చి, “కచేరీ ఏ దినంరా?” అంది. అంతే.

కోర్టులో తెలుగు తెలిసినవాడు లేడు. అప్ప పాతికేళ్లుగా ఆ ఊళ్లో ఉంది, ఛత్తీస్‌గఢీలో బజారంతా దడదడలాడించగలదు. అయినా ఆ రోజు తెలుగులోనే చెబుతానంది. “ఆల బాసల బేరాలాడతాను. సాచ్చికం మన బాసలోనే సెప్తాను.” అలా నేను దుబాసీనయ్యాను. మేజిస్ట్రేటు నడివయసు మనిషి. తొందరపడి రాసేరకం కాదు. ఆయన మంచితనం కూడా ఇక్కడ చెప్పకపోతే తప్పవుతుంది.

ముందు కోత్వారుని పిలుచుకొచ్చిన ఆ పల్లెటూరి ఆడవాళ్లలో ఒకామెను పిలిచారు. బోనులో ఉన్న కీమేన్‌ని చూపించి వీడేనా అని అడిగారు. ఆమె తల అడ్డంగా ఊపింది, నిలువుగానూ ఊపింది. “ముఁహ్ ల నఇ దేఖేవ్ సాహెబ్, ఖాకీ ల దేఖేవ్” అంది. మొహం చూడలేదు, ఖాకీనే చూశానని. కోర్టు నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మనలో ఎవరం చూశాం కనక, ఖాకీ పైనున్న మొహాన్ని?

తరవాత స్టేషను మాస్టరు దొరికిన సామాన్ల పుస్తకం తెచ్చి, ఒంటి చెప్పు పద్దు చదివాడు. మళ్లీ నవ్వులు. కీమేన్ మాత్రం తల వంచుకోలేదు. రూలు ప్రకారం చేసిన పనికి సిగ్గెందుకన్నట్టు నిలబడ్డాడు.

అప్పని పిలిచారు. కోటు చూపించగానే కాలరు తిప్పి, “నా గుర్తే. నా కాడనుంచే ఎల్లింది” అంది. ఎవరిదని అడిగితే పోలీసు లైనులో ఫలానా ఇంటిదని చెప్పింది. ఆ సిపాయి అక్కడే ద్వారం దగ్గర డ్యూటీలో ఉన్నాడు. పిలిచి అడిగితే, “నా కోటు నా ఒంటిమీదే ఉంది హుజూర్. నాది ఏదీ పోలేదు” అన్నాడు. యూనిఫారం పోగొట్టుకుంటే వాడికి దండుగ. పాపం, వాడి భయం వాడిది.

పోలీసుల తరఫున కేసు నడిపే కోర్టు ఇన్‌స్పెక్టరు లేచాడు. “ధోబన్ గుడ్డ మీద మరక చూపించి గుర్తంటోంది హుజూర్. రేపు పాన్ మరక చూపించి దస్తఖత్ అంటుంది.”

ఆ మాట నేను తర్జుమా చేయనక్కర్లేకపోయింది. ఆవిడకి అర్థమైంది. “ఆ బావుని అడుగు పంతులూ, తవరి దస్తకత్తు ఉతికితే పోద్దా, ఉండిపోద్దా? నాది పాతికేళ్లు ఉతికినా పోదు.”

మేజిస్ట్రేటు నవ్వలేదు. కలం కింద పెట్టి ఆవిణ్ణి వెనక్కి తిరిగి నిలబడమన్నాడు. గదిలో ఉన్న ముగ్గురు సిపాయిల కోట్లూ విప్పించి, కలిపేసి, బల్ల మీద పెట్టించాడు. ఇప్పుడు చదవమన్నాడు.

చదవమన్నాడు! ఆ మాటే అన్నాడాయన.

అప్ప మొదటి కోటు కాలరు వేలితో తడిమింది. “ఇది రెండో వరస సివరిల్లు. కుడిజేబుల బీడీ కాలిన కన్నం ఉంటాది, సూడండి.” బంట్రోతు జేబు తిరగేశాడు. కన్నం ఉంది. ఆ సిపాయి నాలిక కరుచుకున్నాడు. రెండోది చూసి, “ఇది నా రేవుది కాదు. ఈ బావు కొత్తగా బదిలీ అయొచ్చినాడు. పాత గుర్తు మీద కొత్త గుర్తెట్టినారు, రెండు రేవులు మారింది” అంది. అతను బిలాస్‌పూర్ నుంచి వచ్చి నెల కాలేదట.

మూడోది చేతిలోకి తీసుకుని కాలరు వెలుతురుకి తిప్పింది. కొడవలి వంపు, నిలువు గీత, మూడు చుక్కలు. “ఇది ఆ తలుపుకాడ బావుది. ఆలింటికి రెండు కోట్లు. ఒకటో కోటుకి ఒంటి సుక్క ఎట్టను, రెండోదానికెడతాను. రెండోది అదిగో, తవరి ముందలుంది.”

మేజిస్ట్రేటు రెండు కాలర్లూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. తలుపు దగ్గర సిపాయి కేసి చూశాడు. వాడు చేతులు జోడించి, “కోటు పోయి చాలా రోజులైంది హుజూర్, ఆరలేదంటోంది” అన్నాడు. ఈసారి నవ్వనివాడు లేడు.

నవ్వులు ఆగాక మేజిస్ట్రేటు నన్ను నెమ్మదిగా అడగమన్నాడు: “నీ తప్పు నువ్వే ఒప్పుకుంటున్నావని నీకు తెలుసా?”

“తెలుసు బావూ. ఉతకమని ఇచ్చిన గుడ్డ ఊరేగింపుకిచ్చినాను. తప్పే. దానికి నన్నెయ్యండి. ఆ బోనులోవోడు నా కాడ కోటు పుచ్చుకున్నోడు కాడు. ఆడు ఏరే ఓడు. ఎడమ సేతికి బొటనేలు నేదు ఆడికి.”

ఆ ఆఖరిమాట ఆవిడ ఊరికే అంది, మనిషిని గుర్తుపట్టడానికని. నేను హిందీలో చెప్పానో లేదో, వెనకనుంచి కేక వినబడింది. పల్లెటూరి ఆమె లేచి నిలబడి, తన బొటనవేలు మడిచి చూపిస్తోంది. మొహం చూడలేదు సాహెబ్, తట్ట మీద పడ్డ చెయ్యి చూశాను, దానికి వేలు లేదు! ఇంతసేపూ చెయ్యి సంగతి ఆమెను అడిగినవాడే లేడు.

కీమేన్‌ని చేతులు పైకెత్తమన్నారు. ఎత్తాడు. ముప్ఫై ఏళ్ల సుత్తిదెబ్బలకి బండబారిన పది వేళ్లూ ఉన్నాయి.

రెండు సెక్షన్లూ కొట్టేశారు. పెద్దదానికి ఆ మనిషే ఇతను కాడు. చిన్నదానికి ఉద్దేశం లేదు. చేతులు ఖాళీ లేక తొడుక్కుని, అప్పగించడానికే వెళ్తున్నాడని, ఒంటి చెప్పు పద్దుతో సహా తీర్పులో రాశాడాయన. అప్పని గట్టిగా మందలించి వదిలేశాడు. అసలువాడు దుర్గ్ సంతలో దొరికాడు, ఏడాదిన్నర వేశారు. అది పోలీసుల చాకచక్యం వల్ల జరిగిందని ఊరంతా చెప్పుకున్నారు. చాకచక్యమట!

పోలీసు లైను బట్టలు మర్నాడే ఇంకో రేవుకి వెళ్లిపోయాయి. కాలనీలో కొందరు ఇంట్లో ఉతుక్కునే దుప్పట్లు కూడా అప్పకి వేయడం మొదలెట్టారు. ఇంకొందరు, పోలీసులతో మనకెందుకని, ఉన్నవి కూడా మానేశారు. ఆ రెండోరకం ఇళ్లన్నీ నాకు గుర్తే. వాటిలో రెండు, అప్ప ఇచ్చిన కోటుతో ఊరేగిన ఇళ్లు. ఆ వానాకాలం ఆవిడ గాడిదని అమ్మేసి మూటలు తనే మోసింది. ఎవరైనా అయ్యో అంటే, “దానికి గడ్డెట్టీ పని తప్పింది” అనేది.

కీమేన్‌ని నెలలోపే పనిలోకి తీసుకున్నారు. ఆ పొద్దున్న నేను అక్కడే ఉన్నాను. లాకప్పులో మాసి కంపుకొట్టిన అతని రైల్వే కోటుని అప్ప ఉతికి, గుండీలు కుట్టి, ఇస్త్రీ చేసి పట్టుకొచ్చింది. అతను వంగి కాళ్లకి దండం పెట్టబోతే రెండడుగులు వెనక్కేసింది. కీమేన్ తల్లి ఏడుస్తోంది. అప్పకి ఏడుపులు పడవు.

“లెగరా బాబూ లెగు, ఇస్త్రీ నలిగిపోద్ది” అని అరిచి, కోటు అతని చేతిలో పెట్టింది. “ఇది నీది. ఇదే తొడుక్కో. దారంట ఇంకేటైనా దొరికితే నడుంకి కట్టుకో, నెత్తినెట్టుకో, సంకనెట్టుకో. తొడుక్కున్నావంటే మాత్రం, ఈపాలి నానే వొచ్చి నువ్వే దొంగవని సెప్పీగలను.”

అతను సుత్తి భుజానేసుకుని లైను మీదికి వెళ్లిపోయాడు.